స్వామి జ్ఞానానందుల విజ్ఞానయాత్ర



పదార్థవిజ్ఞానశాస్త్రమును పెంచి పోషించిన దేశములలో జర్మనీ ముఖ్యమైనది. పాత్రలోని గాలిని తోడివేయు యంత్రమును మొదట నిర్మించిన ఆటో ఫాన్ గెరికె ఆ దేశపువాడు. శరీరములోని యెముకలను చూపించు కిరణములను 1895వ సంవత్సరము నవంబరు నెలలో కనుగొనిన విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఆ దేశపువాడు. సాపేక్షసిద్ధాంతమును ప్రతిపాదించిన ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్ జన్మించినదియు ఆ దేశమునందే. అయినను నేడు నేను చెప్పబోవునది వీరి చరిత్రము కాదు. వీరి విద్యను వెదకికొనుచు వీరి దేశమునకే పోయి, నడివయస్సున శిష్యుడై కూర్చుండి నేర్చుకొని, కడపట దానిని విశాఖపట్టణమునకు తెచ్చి నాటిన ఒక తెలుగు సన్న్యాసి చరిత్రము. ఆయనయే స్వామి జ్ఞానానందులు.

వారి పూర్వాశ్రమనామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. భీమవరమునకు చేరువనున్న గొరగనమూడి గ్రామమున 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన జన్మించిరి. తండ్రి రామరాజుగారు వైదికవాఙ్మయమునందు మిక్కిలి ఆసక్తి గలవారు. వారి యింట ప్రాచీనగ్రంథములు పెక్కులుండెడివి. పుస్తకములున్న యింట పుట్టిన బాలునికి అక్షరములు వచ్చుటతోడనే ప్రశ్నలును పుట్టుట సహజము. నరసాపురములోని టైలరు హైస్కూలులో ఇంగ్లీషు చదువు సాగినది. ఇంటనేమో ఉపనిషత్తులు, బడిలోనేమో గణితము. ఈ రెండు ప్రవాహములును ఆ బాలుని యందు ఆనాడే కలిసినవని చెప్పవచ్చును.

యౌవనమున ఆయన యిల్లు విడిచి ఉత్తరదేశమునకు పోయిరి. కాశి మొదలగు పుణ్యక్షేత్రములను సేవించి, హిమాలయప్రాంతమున సుమారు పదేండ్లు యోగాభ్యాసమునందు గడపిరి. తమ అనుభవమును, ఆలోచనను సూత్రరూపమున కూర్చి ‘పూర్ణసూత్రములు’ అను పేరుతో ఒక గ్రంథమును రచించిరి. ఇంతవరకు ఈ కథ మన దేశమునందు పలుమార్లు విన్న కథయే. ఇల్లు విడుచుట, కొండలకు పోవుట, గ్రంథము వ్రాయుట, ఆశ్రమము నిర్మించుట, శిష్యులను చేర్చుకొనుట, ఇది తెలిసిన త్రోవ. స్వామివారు ఆ త్రోవను చివరవరకు నడిచియుండినయెడల నేను ఈ ఉపన్యాసము చేయవలసిన పనిలేదు.

తమ గ్రంథమును ప్రకటింపవలెనను తలంపుతో వారు 1927వ సంవత్సరమున జర్మనీదేశమునకు పోయిరి. అప్పటికి వారికి ముప్పదియేండ్లు నిండినవి. ఆనాటి జర్మనీలో సంస్కృతవిద్యకు గొప్ప గౌరవముండెడిది. వేదాంతము, యోగశాస్త్రము చెప్పగల భారతీయసన్న్యాసి మాటలు వినుటకు అచ్చటి విద్యావంతులు ఆసక్తితో వచ్చిరి. స్వామివారు అనేకోపన్యాసములు చేసిరి. గురుస్థానము దొరకినది, గౌరవము దొరకినది.

సరిగా ఆ సమయముననే వారి దృష్టి ఐన్‌స్టయిన్ సిద్ధాంతముపై పడినది. దేశము, కాలము అనునవి వేరువేరు వస్తువులు కావనియు, చూచువాని గమనమును బట్టి కాలపరిమాణము సయితము మారుననియు ఆ సిద్ధాంతము చెప్పుచున్నది. వేదాంతము చదివినవానికి ఈ మాట వినగానే ఒక శోధన కలుగును. “ఇది మా పెద్దలు చెప్పినదే కదా!” అని ఒక వాక్యము పలికి, నాలుగు పోలికలు చూపి, సభను మెప్పించి కూర్చుండవచ్చును. అట్లు చేసిన వారిని నేనెందరినో చూచితిని. స్వామివారు ఆ పని చేయలేదు. ఆ సిద్ధాంతము గణితభాషలో వ్రాయబడియున్నదనియు, ఆ భాష నేర్వనిదే దానిని గూర్చి మాటలాడుటకు అధికారము లేదనియు తలచిరి. డ్రెస్డెను నగరమున గణితమును, పదార్థవిజ్ఞానమును విద్యార్థిగా అభ్యసింప మొదలిడిరి. నిన్న వేదికపై గురువుగా కూర్చుండినవారు నేడు బల్లపై కుఱ్ఱవారి ప్రక్కన కూర్చుండిరి. నా దృష్టిలో వారి జీవితమునకు ఇదియే కీలకమైన ఘట్టము.

అక్కడనుండి వారు ప్రాగు నగరములోని చార్లెస్ విశ్వవిద్యాలయమునకు పోయి రాంట్‌జెన్ కిరణములపై పరిశోధన సాగించిరి. ఆ పని యెట్టిదో కొంచెము విన్నవింతును. సూర్యుని వెలుతురును గాజుపట్టకము ఏడు రంగులుగా విడదీయుట మీరెఱుగుదురు. రాంట్‌జెన్ కిరణములకును అట్టి భేదములు గలవు. కాని వాని తరంగముల పొడవు మిల్లీమీటరులో కోటవవంతు ప్రమాణముననుండును. గాజుపట్టకము వానిని చాలినంతగా విడదీయలేదు. ఉప్పు వంటి స్ఫటికములలో అణువులు వరుసలు తీర్చి నిలిచియుండును. ఆ వరుసలే ఈ కిరణములకు దువ్వెనపండ్లవలె పనిచేసి వానిని విడదీయునని 1912వ సంవత్సరమున మాక్స్ ఫాన్ లావె అను జర్మనువిజ్ఞాని ఆలోచనను బట్టి తేలినది. ఒక్కొక్క మూలపదార్థము తనకే ప్రత్యేకమైన గీతలను ఛాయాచిత్రఫలకముపై వ్రాయును. ఆ గీతల స్థానమును వెండ్రుకవాసికంటె ఎన్నోరెట్లు సూక్ష్మముగా కొలువవలెను. స్వామివారు ఈ కొలతలలో ఆరితేరి 1936వ సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమునుండి విజ్ఞానాచార్యపట్టమును పొందిరి. అప్పటికి వారి వయస్సు నలువదికి చేరువ.

ఈ కొలతలకు ఒక గొప్ప ఆటంకము గలదు. అది గాలి. మెత్తని రాంట్‌జెన్ కిరణములను గాలి మ్రింగివేయును. కావున యంత్రములోని గాలిని తోడివేసి శూన్యము నేర్పరుపవలెను. స్వామివారి తరువాతి జీవితమంతయు ఈ శూన్యముతో పెనవేసికొనియుండుటచే దానిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుట అవసరము.

శూన్యమనగా నేమో మన గుత్తి ప్రాంతపు రైతునకు బావియే నేర్పినది. బావిగట్టుమీద పంపును బిగించినప్పుడు, నీరు ముప్పది అడుగుల క్రిందికి దిగినయెడల, ఎంత బలమైన యింజనునైనను తగిలింపుడు, పంపు వట్టిగా తిరుగునే కాని నీరు రాదు. అందుచేతనే మనవారు బావిలోపల తిన్నె కట్టి పంపును క్రిందికి దింపుచుండెడివారు. దీనికి కారణమేమి? పంపు నిజముగా నీటిని లాగుటలేదు. అది గొట్టములోని గాలిని మాత్రమే తీసివేయును. బావినీటిపై నిలిచియున్న వెలుపలి గాలి తన బరువుచేత నీటిని గొట్టములోనికి నెట్టును. సముద్రతీరమున గాలిబరువు సుమారు 34 అడుగుల నీటికంబమునకు సమానము. మన పీఠభూమి సముద్రమునకు వేయి అడుగులకు మించిన యెత్తున నున్నది గనుక ఇచ్చట అది ఇంకను కొంచెము తక్కువ. గొట్టముల సందులు, రాపిడి మొదలగునవి పోగా వాడుకలో మిగులునది ఇరువదియైదు అడుగుల వఱకే. నేడు లోతైన బోరుబావులలో మోటారును నీటిలోనికే దించి క్రిందినుండి పైకి నెట్టించుటయు ఇందుచేతనే.

ఈ సత్యమును 1643వ సంవత్సర ప్రాంతమున ఇటలీలో టారిసెల్లి పాదరసముతో నిరూపించెను. నీటికంటె సుమారు పదునాల్గురెట్లు బరువైన పాదరసము 760 మిల్లీమీటర్ల యెత్తున నిలిచిపోవును. దాని పైభాగమున గొట్టములో మిగిలినది శూన్యము. తరువాత మాగ్డెబర్గు పురపాలకుడైన గెరికె గాలిపంపును నిర్మించి, మూరెడు వెడల్పుగల రెండు రాగిగిన్నెలను మూతికి మూతి చేర్చి, లోపలి గాలిని తోడివేసి, 1657వ సంవత్సరమున ఇరువైపుల నెనిమిదేసి గుఱ్ఱములచే లాగించెను. గిన్నెలు విడివడుట బహుకష్టమాయెను. గాలిని లోనికి విడువగానే అవి చేతితోనే విడివడినవి. గాలికి బరువు గలదనుటకు ఇంతకంటె చక్కని ప్రత్యక్షప్రమాణము వేరొండు లేదు.

అయినను గెరికె చేసిన శూన్యము నేటి విజ్ఞానికి చాలదు. ఆ కొఱతను తీర్చినవాడు మఱియొక జర్మనువిజ్ఞాని, వుల్ఫ్‌గాంగ్ గేడె. 1878వ సంవత్సరమున జన్మించిన ఇతడు 1905లో తిరుగుడు పాదరసపంపును, తరువాత అణువులను వేగముగా తిరుగు చక్రముచే బయటికి విసరివేయు పంపును, 1915లో పాదరసపుటావిరితో గాలి అణువులను ఈడ్చుకొనిపోవు పంపును కల్పించెను. లోకమునందలి ప్రయోగశాలలకు ఇంత ఉపకారము చేసిన ఈ విజ్ఞాని నాజీల ప్రభుత్వమున తన ఆచార్యపదవిని కోల్పోయెను. ఐన్‌స్టయిన్ 1932వ సంవత్సరాంతమున దేశము విడిచి మఱి తిరిగి రాలేదు. విద్యకు పుట్టినిల్లనిపించుకొనిన దేశమే పండితులను వెడలగొట్టుకొన్న కాలమది.

గేడె మార్గమున పాత్రలోని యొత్తిడిని పాదరసమునందు మిల్లీమీటరులో పదిలక్షలవవంతుకు దింపవచ్చును. వెలుపలి గాలిలో అది డెబ్బదియారుకోట్లవవంతు. ఇంత శూన్యమునందును ఒక ఘనసెంటీమీటరు చోటున సుమారు 3,000 కోట్ల అణువులు మిగిలియుండును! కాని అవి ఒకదానినొకటి ఢీకొనుట అరుదు. మామూలు గాలిలో ఒక అణువు మిల్లీమీటరులో పదివేలవవంతు దూరమైనను పోకమునుపే మఱియొకదానితో ఢీకొనును. ఈ శూన్యములోనో, పాత్రగోడ అడ్డు రానియెడల, సుమారు 50 మీటర్లు నిరాటంకముగా పోగలదు. విజ్ఞానికి కావలసినది ఈ నిరాటంకమార్గమే.

ప్రాగు తరువాత స్వామివారు ఇంగ్లండులోని లివర్పూలు విశ్వవిద్యాలయమునకు పోయిరి. పరమాణుగర్భమునందు విద్యుదావేశములేని న్యూట్రాను అను కణము కలదని 1932వ సంవత్సరమున కనుగొని, 1935వ సంవత్సరమున నోబెలు బహుమానము నందిన జేమ్స్ చాడ్విక్ అచ్చట ఆచార్యుడు. ఆయనయొద్ద స్వామివారు పరమాణుకేంద్రవిజ్ఞానమున పనిచేసి మఱియొక పట్టమును పొందిరి. రేడియోధార్మికపదార్థముల గర్భమునుండి వెలువడు ఎలక్ట్రానులను బీటాకిరణములందురు. అయస్కాంతముల నడుమ వానిని పోనిచ్చినయెడల మార్గము వంగును. వేగము తక్కువగలవి ఎక్కువగా, వేగము ఎక్కువగలవి తక్కువగా వంగును. ఆ వంపును కొలిచి కణముయొక్క శక్తిని లెక్కింతురు. కణము త్రోవలో గాలి అణువులను తాకినచో లెక్క చెడును. కావున ఇచ్చటను శూన్యమే ఆధారము. ఈ కాలమంతయు రెండవ ప్రపంచయుద్ధము. లివర్పూలు రేవుపట్టణముపై 1941 మే నెలలో బాంబులు వానవలె కురిసినవి.

యుద్ధానంతరము వారు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున కొంతకాలము పరిశోధించిరి. గాఢశూన్యమును కల్పించుట, కొలుచుట, నిలుపుట అను విషయములపై ఇంగ్లీషున వారు వ్రాసిన ‘హై వాక్యువా’ అను గ్రంథము 1947వ సంవత్సరమున అమెరికాలో ప్రకటితమైనది. హిమాలయములలో ‘పూర్ణసూత్రములు’ వ్రాసిన చేయియే ఇప్పుడు శూన్యమునుగూర్చి శాస్త్రగ్రంథము వ్రాసినది.

తర్కశాస్త్రము కొంత చదివినవాడను గనుక ఇచ్చట నాకు తోచిన మాట ఒకటి మనవి చేసెదను. మన తార్కికులు ద్రవ్యము, గుణము మొదలైన ఆరు భావపదార్థములతోపాటు అభావమును ఏడవ పదార్థముగా నంగీకరించిరి. ప్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము, అన్యోన్యాభావము అని దానిని నాలుగు విధములుగా విభజించిరి. లేకపోవుట యనునది కూడ తెలియదగిన విషయమే యని చెప్పుట మనకు గర్వింపదగిన సూక్ష్మబుద్ధి. కాని కుండలోని గాలి యెంత పోయినది, ఎంత మిగిలినది అని వారు కొలువలేదు. గెరికె, గేడె కొలిచిరి. నామకరణము వేరు, పరిమాణము వేరు. ఒకటి యున్నంతమాత్రమున రెండవది యున్నదని చెప్పుకొనుట పెద్దలను గౌరవించుట కాదు. వారు చేసిన గొప్పపనిని విడిచి, వారు చేయనిదానిని వారికి అంటగట్టుట యగును. మఱి, ప్రాచీనవిద్య చదివినవాడు ఆధునికశాస్త్రమునకు పనికిరాడని కొందఱు నవ్యులు చెప్పుదురు. వారి మాటకు స్వామివారి జీవితమే సమాధానము. పదేండ్లు ఆసనమున కూర్చుండి మనస్సును ఒకచోట నిలుపుట అభ్యసించినవానికి, చీకటిగదిలో గంటలతరబడి ఒక గీతను కొలుచుట భారమగునా? వారి యోగమే వారి ప్రయోగమునకు ఓర్పునిచ్చినదని నేను నమ్ముచున్నాను.

స్వాతంత్ర్యము వచ్చిన 1947వ సంవత్సరమునందే స్వామివారు స్వదేశమునకు తిరిగివచ్చిరి. ఆ యేడు జనవరి 4వ తేదీన ఢిల్లీలో జాతీయ భౌతికప్రయోగశాలకు జవహర్‌లాలు నెహ్రూ శంకుస్థాపన చేసెను. స్వామివారు ఆ సంస్థలో ఉద్యోగించిరి. తరువాత 1954వ సంవత్సరమున ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు వచ్చిరి. అప్పటి ఉపాధ్యక్షులు వాసిరెడ్డి శ్రీకృష్ణగారు. వారి ప్రోత్సాహముతో 1956వ సంవత్సరమున అచ్చట పరమాణుకేంద్రవిజ్ఞానమునకు ప్రత్యేకశాఖ యేర్పడినది. స్వామివారే దాని అధ్యక్షులు. వారికప్పుడు అఱువదియవయేడు నడుచుచున్నది. మన దేశమున పెక్కుమంది ఉద్యోగమునుండి విరమించు వయస్సున ఆయన ఒక ప్రయోగశాలను పునాదినుండి కట్టుటకు పూనుకొనిరి. 1965వ సంవత్సరమున పదవీవిరమణ చేసి, 1969వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన దేహము చాలించిరి. విశాఖపట్టణమునందలి ఆ పరిశోధనశాలలు వారి పేరనే వెలసియున్నవి. ఆశ్రమము కట్టవలసిన సన్న్యాసి ప్రయోగశాలను కట్టిపోయెను. శిష్యులుగా భక్తులను గాక పరిశోధకులను విడిచిపోయెను.

ఇంతకును కోనసీమ చేరువను, గోదావరినీటి నడుమ పుట్టిన ఈ మహానుభావుని కథ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయైనను నిలుకడగా చూడని మన అనంతపురము పీఠభూమికి ఏల? పెద్దలారా! రెండు కారణములచేత చెప్పితిని.

మొదటిది చదువును గూర్చినది. మన యూళ్లలో కఱవు వచ్చినయేడు మొదట ఆగునది బిడ్డల చదువు. గొఱ్ఱెల వెంట పోయినవాడు, తల్లిదండ్రుల వెంట వలసపోయినవాడు మూడేండ్లకు తిరిగివచ్చి బడిమెట్టు నెక్కబోగా, “వయస్సు మీఱినది, చిన్నపిల్లల ప్రక్కన కూర్చుండుటకు సిగ్గులేదా?” అని ఇంటివారే వెనుకకు లాగుదురు. ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి ఈ మాటను నేను వినని కఱవు లేదు. ఆడపిల్ల విషయమున ఈ మాట ఇంకను కఠినముగా పలుకబడును. ముప్పదియేండ్లు దాటిన సన్న్యాసి, గ్రంథకర్త, ఉపన్యాసకుడు పరదేశమున కుఱ్ఱవారి ప్రక్కన కూర్చుండి గణితము నేర్చుకొనెనని ఇంటింట చెప్పుడు. మీ మాటకు ఊరిలో విలువ గలదు. పదునైదేండ్ల బిడ్డకు వయస్సు మీఱినదని యిక నెవ్వరును అనకుందురు గాక.

రెండవది కొలతను గూర్చినది. కంటికి కనబడని కిరణమును, చేతికి తగులని శూన్యమును ఆయన కొలిచెను. మన బావిలో నీరు పోయినయేడు శివరాత్రికి ఎన్ని యడుగులలో నున్నది, ఈయేడు ఎంతకు దిగినది, అని అడిగినచో మనలో వ్రాతమూలముగా చెప్పగలవారెందఱు? “మా తాతలనాడు నీళ్లు పైననే యుండెడివి” అని నిట్టూర్చుట శబ్దప్రమాణము. అది మంచిదే కాని చాలదు. పక్కవాడు బోరు వేసినందున నా నీరు పోయినదో, వాన లేక పోయినదో, పంపు చెడినదో నిర్ణయించుటకు ప్రత్యక్షప్రమాణము కావలెను. తాడునకు రాయి కట్టి అమావాస్యకొకమాఱు లోతు చూచుట, బయట ఒక డబ్బానుంచి కురిసిన వానను కొలుచుట, ఈ రెండును ఒక పుస్తకమున వ్రాయుట, దీనికి జర్మనీ పోనక్కరలేదు. బడిలోని పిల్లలచేత వ్రాయించుడు. పదేండ్ల లెక్క చేతనుండినయెడల, బోరు వేయవలెనా, చెఱువు పూడిక తీయవలెనా, ఏ పైరు పెట్టవలెనా యను తగవులలో సగము పంచాయతికి రాకమునుపే తీరును. పొలము తాకట్టుపెట్టి ఎండుబోరు వేసి చెడిన కుటుంబములు మీకందఱకును తెలిసినవే. ఆ లెక్క ముందుగా నుండిన, వానిలో కొన్నియైనను నిలిచియుండెడివి.

స్వామి జ్ఞానానందులు ఎక్కడ నేర్చినను, ఏ భాషలో వ్రాసినను, కడకు తెలుగునాటికి వచ్చి తాము నేర్చినది చెప్పిపోయిరి. వారి పేరును ఈ పీఠభూమి పిల్లలకును పరిచయము చేయుడని ప్రార్థించుచున్నాను.